అదృశ్య విమానములు – అదుపు లేని ఊహలు

“నిప్పు లేనిదే పొగ రాదు” అను సామెత మనవారి నాలుకపై ఎల్లప్పుడు సిద్ధముగా ఉండును. ఒక వదంతిని విని ఎవరైన “ఇది నిజమేనా?” అని సందేహించిన వెంటనే ఈ సామెత ముందుకు వచ్చి వారి నోరు మూయించును. వంటింటి పొయ్యి విషయములో ఇది సత్యమే. లోకములో పుట్టు వదంతుల విషయములో మాత్రము ఇది ఎంతవరకు చెల్లునో విచారింపవలసి యున్నది. వదంతికి నిప్పు అవసరము లేదు; ఖాళీ చోటు ఉన్న చాలును. తెలియనిది ఎక్కడ మిగులునో అక్కడ ఊహ వచ్చి కూర్చుండును. ప్రయాణికులతో బయలుదేరిన విమానము గమ్యము చేరక, ఎక్కడ కూలినదో తెలియక మాయమైనప్పుడు మిగులు ఖాళీ అంత ఇంత కాదు. ఆ ఖాళీలో లోకము ఎట్లు ప్రవర్తించినదో, విద్యార్థులమైన మనము దాని నుండి ఏమి నేర్చుకొనవలెనో చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పేట్ బషీరాబాద్ వాసులకు విమానము దూరపు వస్తువు కాదు. ఒక వైపు దుండిగల్ వైమానికదళ అకాడమీ, మరియొక వైపు హకీంపేట వైమానిక స్థావరము ఉన్నవి. శిక్షణ విమానముల మ్రోత మన ఆకాశములో నిత్యకృత్యము. దుండిగల్ అకాడమీకి 1967లో శంకుస్థాపన చేసిన నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ హైదరాబాదులో జన్మించినవారే. 2023 డిసెంబరు 4న ఆ అకాడమీ నుండి ఎగిరిన శిక్షణ విమానమొకటి మెదక్ జిల్లా తూప్రాన్ సమీపమున కూలి అందలి ఇద్దరు వైమానికులు మరణించినారు. అది మిక్కిలి దుఃఖకరమైన సంఘటన. అయినను కూలిన చోటు తెలిసినది. అయినవారికి ఏడ్చుటకు ఒక చోటు, దర్యాప్తు చేయువారికి వెదకుటకు ఒక చోటు దొరికినవి. ఆ చోటే దొరకనివారి గతి ఏమి?

2014 మార్చి 8వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత కౌలాలంపూర్ నుండి బీజింగ్ నగరమునకు బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్స్ వారి ఎం.హెచ్. 370 విమానము ఇందుకు పెద్ద ఉదాహరణము. బోయింగ్ 777 జాతికి చెందిన ఆ విమానములో 227 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది, మొత్తము 239 మంది ఉన్నారు. వారిలో మన భారతీయులు ఐదుగురు. రాత్రి 1 గంట 19 నిమిషములకు నేలపైవారితో చివరి మాట జరిగినది. తరువాత రెండు నిమిషములలోనే పౌర రాడార్ తెరపై ఆ విమానపు గుర్తు మాయమైనది. అది వెనుకకు తిరిగి మలయా ద్వీపకల్పమును దాటి పడమరకు పోయినట్లు సైనిక రాడార్ లెక్కలు చూపినవి. ఆ పైన ఒక ఉపగ్రహముతో దాని యంత్రము గంటకొక పర్యాయము జరిపిన మౌన సంకేతములు ఉదయము 8 గంటల 19 నిమిషముల వరకు అందినవి. ఆ సంకేతముల కాలమును, పౌనఃపున్యములోని స్వల్పభేదమును లెక్కకట్టి, విమానము హిందూ మహాసముద్రపు దక్షిణ భాగమున అంతమైనదని నిపుణులు తేల్చినారు.

ఇంతవరకు తెలిసినది. ఇక తెలియని దానిని లోకమెట్లు పూరించినదో చూడుడు. విమానము డీగో గార్సియా ద్వీపమున రహస్యముగా దిగినదని కొందరు, కజకిస్తానులో దాచబడినదని కొందరు, ఏదో సైన్యము కూల్చివేసినదని మరికొందరు వాదించినారు. మాల్దీవులలో క్రిందుగా ఎగిరిన విమానమును కన్నులార చూచితిమన్నవారు బయలుదేరినారు. కౌలాలంపూర్ విమానాశ్రయమునకు ఒక మంత్రగాడు కొబ్బరికాయలు, వెదురు గొట్టములు తెచ్చి విమానమును వెదకు క్రతువు చేసినాడు. ప్రయాణికుల ఫోన్లు మ్రోగుచున్నవని బంధువులు చెప్పగా, అందరు బ్రతికియే ఉన్నారని ప్రచారమైనది. ఎదుటి ఫోను ఎక్కడ ఉన్నదో వ్యవస్థ వెదకుచుండగానే పిలిచినవారి చెవికి మ్రోత వినిపించునని సాంకేతికులు వివరించినను, ఆ వివరణ వదంతి నడచినంత వేగముగా నడువలేదు. సరకులలో ఉన్న లిథియం బ్యాటరీల పైనను, నాలుగున్నర టన్నుల మాంగోస్టీన్ పండ్ల పైనను ఎన్నెన్నో కథలు అల్లబడినవి. దర్యాప్తువారు ఆ పండ్లను, బ్యాటరీలను గూర్చి కూడ పరీక్షలు జరిపించినారు. ఊహించినవారికి ఒక పూట పట్టినది. పరీక్షించినవారికి సంవత్సరములు పట్టినవి.

ఈ ఊహలన్నింటిలో మనము విశేషముగా గుర్తుంచుకొనవలసినది ఒకటి కలదు. ప్రయాణికుల పట్టికలో ఇద్దరు దొంగిలించిన పాస్‌పోర్టులతో ఎక్కినట్లు మొదటి దినములలోనే బయటపడినది. ఒకటి ఇటలీ పౌరునిది, మరియొకటి ఆస్ట్రియా పౌరునిది. ఆ ఇద్దరు ఇరాన్ దేశపు యువకులని తెలిసిన క్షణమున లోకములో చాలామంది దర్యాప్తు ముగిసినట్లే భావించినారు. పేరు తెలిసినది, దేశము తెలిసినది, మతము తెలిసినది; ఇక నేరము తెలియనేల? తీరా విచారించగా వారు ఐరోపాలో ఆశ్రయము కోరి పోవుచున్నవారని, ఉగ్రవాద సంస్థలతో సంబంధమున్నట్లు ఆధారములు లేవని తేలినది. వారు చేసినది తప్పుడు పత్రములతో ప్రయాణించుట. లోకము వారిపై మోపినది 237 మంది హత్య. ఆ యువకులు కూడ తక్కిన ప్రయాణికుల వలెనే తిరిగి రాలేదు. వారికిని ఇండ్లలో ఎదురుచూచినవారు ఉన్నారు. ఆ ఇండ్లవారు పుత్రశోకముతో పాటు అపనిందను కూడ మోయవలసి వచ్చినది. పేరును బట్టి అనుమానింపబడుట ఎట్టిదో మన కళాశాల వంటి విద్యాలయములలో చదువువారికి విడమరచి చెప్పనక్కర లేదు. అందుచేతనే ఇతరుల విషయములో ఆ పని చేయకుండుట మనకు మరింత పెద్ద బాధ్యత యని మేము భావించుచున్నాము.

ఇది ఎక్కడనో జరిగిన కథ యని తెలుగువారు అనుకొన వీలులేదు. 2016 జూలై 22న ఉదయము ఎనిమిదిన్నర గంటలకు చెన్నై సమీపమున గల తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన భారత వైమానికదళపు ఎ.ఎన్. 32 విమానము బంగాళాఖాతముపై మాయమైనది. అది ప్రయాణికుల వాణిజ్య విమానము కాకపోయినను అందున్న 29 మందిలో ఎనిమిదిమంది సైనికులు కారు. విశాఖపట్టణములోని నౌకాదళ ఆయుధాగారపు పౌర ఉద్యోగులు. విశాఖలో ఎన్.ఎ.డి. కొత్త రోడ్డు అని జనులు నిత్యము పలుకు పేరు ఆ ఆయుధాగారము వలన వచ్చినదే. విమానము 23,000 అడుగుల ఎత్తు నుండి ఎడమకు తిరిగి వేగముగా క్రిందికి జారినట్లు రాడార్‌లో చివరగా కనబడినది. నౌకలు, విమానములు, జలాంతర్గామి వారముల తరబడి వెదకినవి. సెప్టెంబరు 15న గాలింపు ఆపి, అందరు మరణించినట్లుగా భావింపవలసినదేనని కుటుంబములకు తెలిపినారు. “మరణించినారు” అనుట వేరు, “మరణించినట్లు భావింపవలెను” అనుట వేరు. ఈ రెండు మాటల నడుమ ఆ కుటుంబములు ఏడు సంవత్సరములకు పైగా జీవించినవి. 2024 జనవరిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలాంతర వాహనము తీసిన చిత్రములను పరిశీలించి, చెన్నై తీరమునకు సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరమున, 3,400 మీటర్ల లోతున ఉన్న శకలములు ఎ.ఎన్. 32 జాతి విమానమునకు సరిపోవుచున్నవని రక్షణ శాఖ ప్రకటించినది. ఆ ప్రాంతములో మరి ఏ విమానము పోయిన చరిత్ర లేదు కనుక అది అదియే కావలెనని చెప్పినారు. ఆ ఎదురుచూపునకు సమాధానము తెచ్చినది సోనార్ యంత్రమే గాని చిలవలు పలవలు అల్లిన వాక్చాతుర్యము కాదు.

వదంతి కేవలము చెవులను బాధించి ఊరకుండునదైన ఇంత చెప్పవలసిన పని లేదు. అది చేతికి రాయి నందించును. 2009 సెప్టెంబరు 2న నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించుచున్న హెలికాప్టరు బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు పోవుచు నల్లమలలో జాడ తెలియకుండ పోయినది. మరునాటి ఉదయము కొండపై శకలములు కనబడువరకు రాష్ట్రము ఊపిరి బిగబట్టి ఉన్నది. ఆ ప్రమాదములో ఐదుగురు మరణించినారు. ఆ దుఃఖము చల్లారక మునుపే, 2010 జనవరిలో, ఒక విదేశీ వెబ్ పత్రికలో వచ్చిన కుట్ర కథనమును మన టీవీ చానళ్ళు కొన్ని ప్రసారము చేసినవి. దానికి ఆధారమేదని అడిగినవారు లేరు. ఆ రాత్రియే రాష్ట్రములో పలుచోట్ల ఒక వ్యాపార సంస్థ దుకాణములపై దాడులు జరిగినవి. అద్దములు పగులగొట్టినవారు దుష్టులు కారు, దుఃఖములో ఉన్నవారు. దుఃఖమునకు శత్రువు కావలెను, వదంతి శత్రువు పేరు చెప్పును. ఇంతకంటె ప్రమాదకరమైన స్నేహము లేదు. తరువాత సాంకేతిక దర్యాప్తు తేల్చినది కుట్రను కాదు. ప్రతికూల వాతావరణమును, ఒక యంత్రభాగమును గూర్చిన హెచ్చరికపై చోదకుల దృష్టి నిలిచిపోవుటను అది ఎత్తి చూపినది.

పూర్వపు ఉదాహరణములు కూడ ఇదే పాఠము చెప్పుచున్నవి. 1947 ఆగస్టు 2న స్టార్ డస్ట్ అను బ్రిటిష్ విమానము 11 మందితో ఆండీస్ పర్వతములపై మాయమైనది. అది చివరగా పంపిన అర్థముకాని ఒక మోర్స్ పదమును పట్టుకొని గ్రహాంతరవాసుల వరకు ఊహలు పోయినవి. అర్ధ శతాబ్దము గడచిన తరువాత మంచునది కరగి శకలములను బయట పెట్టినది. విమానము కొండకు తగిలి మంచులో పూడిపోయినది, అంతియే. 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్ సముద్రములో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విషయములో పిడుగు అన్నారు, బాంబు అన్నారు. రెండేండ్లకు, 2011లో, సుమారు 3,900 మీటర్ల లోతు నుండి బ్లాక్ బాక్సులను పైకి తీయగా, వేగమును కొలుచు గొట్టములు మంచుతో మూసికొనిపోవుటయు, పిమ్మట చోదకులు తికమకపడి విమానమును నిలుపుకొనలేకపోవుటయు కారణములని తేలినది. మన దేశములో 1968 ఫిబ్రవరి 7న 102 మందితో చండీగఢ్ నుండి లేహ్‌కు పోయిన ఎ.ఎన్. 12 విమానపు శకలములు 2003లో పర్వతారోహకులకు కనబడినవి. 2024లో కూడ మంచులో నుండి నలుగురి భౌతిక కాయములు లభించినవి. యాబదియారేండ్ల తరువాత ఆ ఇండ్లకు అంత్యక్రియలు చేసికొను భాగ్యము కలిగినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. “ప్రభుత్వములు నిజము చెప్పనప్పుడు ప్రజలు ఊహింపక ఏమి చేయుదురు?” అని. ఇది న్యాయమైన ప్రశ్న. మలేషియా అధికారులు మొదటి వారములో ఒక పూట చెప్పిన మాట మరుపూట మార్చినారు. విమానము పడమరకు తిరిగినదని సైనిక రాడార్ చూపుచుండగా తూర్పున దక్షిణ చైనా సముద్రములో దినముల తరబడి గాలింపు సాగినది. అధికారుల మౌనమే వదంతికి దాది యనుటలో సందేహము లేదు. కనుక వదంతిని నిందించువారు మౌనమును కూడ నిందింపవలెను. తెలిసినది వెంటనే చెప్పుట, తెలియనిది తెలియదని ఒప్పుకొనుట పాలకుల విధి. 2018 జూలైలో వెలువడిన మలేషియా దర్యాప్తు నివేదిక ఈ రెండవ పనిని చేసినది. కారణమును నిర్ధారింపజాలమని స్పష్టముగా వ్రాసినది. చాలామంది దానిని చేతకానితనమని ఎగతాళి చేసినారు. మా దృష్టిలో ఆ వాక్యము చేతకానితనము కాదు. నాలుగేండ్లు శ్రమించిన తరువాత కూడ తెలియని దానిని తెలిసినట్లు నటింపని నిజాయితీ.

మరియొక మాట. ఊహను సర్వథా నిషేధింపవలెనని మేము చెప్పుట లేదు. ఊహ లేనిదే విజ్ఞానశాస్త్రము లేదు. ఉపగ్రహ సంకేతముల నుండి సముద్రపు దిక్కును గుర్తించినది కూడ మొదట ఊహయే. అలలు, గాలులు ఏ వైపు త్రోయునో లెక్కకట్టి శకలములు ఆఫ్రికా వైపు కొట్టుకొని వచ్చునని చెప్పినది ఊహయే. 2015 జూలైలో రీయూనియన్ ద్వీపపు తీరమున ఆ విమానపు రెక్కభాగము దొరికినది. ఉద్యోగరీత్యా దర్యాప్తుతో సంబంధము లేని ఒక అమెరికా పౌరుడు, సొంత ఖర్చుతో తీరములు తిరిగి, 2016లో మొజాంబిక్ తీరమున మరియొక శకలమును కనుగొన్నాడు. ఇట్టి ఊహ పరీక్షను పిలుచును. “నేను తప్పైనచో ఇట్లు తెలియును” అని తన తప్పును పట్టు దారి తానే చూపును. వదంతిలోని ఊహ పరీక్షకు వెరచును. ఆధారము దొరకనిచో “దాచినారు” అనును, ఎదురు ఆధారము దొరికినచో “సృష్టించినారు” అనును. ఏ ఆధారము వచ్చినను ఓడని వాదము బలమైన వాదము కాదు. అది వాదమే కాదు. మన విద్యార్థులు ఈ ఒక్క భేదమును పట్టుకొన్నచో ఈ వ్యాసము సార్థకమైనట్లే.

తెలియని స్థితిలో తొందరపడక నడచుకొనుట ఎట్లో చట్టము ఎన్నడో ఆలోచించినది. ఏడు సంవత్సరములు ఏ జాడయు తెలియని వ్యక్తి మరణించినట్లు భావింపవచ్చునని మన సాక్ష్య చట్టము నిర్ణయించినది. ఇస్లామీయ న్యాయశాస్త్రము జాడ తెలియనివానికి ‘మఫ్‌ఖూద్’ అని పేరు పెట్టి, అతని భార్య, ఆస్తి, వారసుల విషయములో దీర్ఘముగా చర్చించినది. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టము భర్త జాడ నాలుగేండ్లు తెలియనిచో భార్య న్యాయస్థానమును ఆశ్రయించి విడుదల పొందు హక్కు నిచ్చినది. ఈ నియమములలోని వివేకమును గమనింపుడు. “అతడు చనిపోయినాడు” అని చట్టము పందెము కాయదు. “ఇంతకాలము వేచితిమి, ఇక బ్రతికియున్నవారి బ్రతుకు సాగవలెను” అనును. మలేషియా ప్రభుత్వము 2015 జనవరి 29న ఎం.హెచ్. 370 సంఘటనను ప్రమాదముగా ప్రకటించినది కూడ బంధువులకు పరిహారపు దారి తెరచుటకే. అయినను, ఆ తరువాత అన్వేషణ ఆగిపోలేదు. 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భమును గాలించి 2017 జనవరిలో నిలిపివేసినారు. 2018లో ఒక ప్రైవేటు సంస్థ మరల గాలించినది. 2025 మార్చిలో అదే సంస్థతో మలేషియా ప్రభుత్వము మరల ఒప్పందము చేసికొన్నది, విమానము దొరికినచోనే డబ్బు అను షరతుతో. ఓర్పుతో వెదకుటకు, ఓర్పు లేక ఊహించుటకు గల దూరము ఇది.

ఆ ఓర్పు వలన కలిగిన మేలు కూడ కన్నుల ఎదుట ఉన్నది. సముద్రములపై ఎగురు పెద్ద విమానములు తమ స్థానమును కనీసము పదునైదు నిమిషముల కొకసారి తెలుపవలెనను అంతర్జాతీయ నియమము 2018 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. నీటిలో మునిగిన బ్లాక్ బాక్సు సంకేతము పూర్వము సుమారు 30 దినములు మాత్రమే వినవచ్చెడిది. దానిని 90 దినములకు పెంచినారు. గల్ఫ్ దేశములకు, అమెరికాకు మన ఊళ్ళ నుండి ఎగిరిపోవు బిడ్డల ప్రాణములకు ఇవి కాపుదల. డీగో గార్సియా కథలు చెప్పినవారి వలన ఒక్క ప్రయాణికునికైనను ఇట్టి రక్షణ లభించినదా?

మన కళాశాలలో రెండు భాషలు ఒక్క కప్పు క్రింద వికసించుచున్నవి. రెండింటి సంప్రదాయములును ఈ విషయములో ఏకముగనే పలుకుచున్నవి. వార్త తెచ్చినవాని మాటను నిర్ధారించుకొనిన పిమ్మటనే నడచుకొనవలెనని, అనుమానములను విడువవలెనని పవిత్ర ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ అధ్యాయము ఉపదేశించుచున్నది. ఎవరు చెప్పినను వినవచ్చును గాని విన్నంతనే తొందరపడక నిజానిజములు తేల్చుకొనవలెనని సుమతీ శతకకారుడు బోధించినాడు. ఉర్దూలో ‘అఫ్‌వాహ్’ అన్నను తెలుగులో ‘వదంతి’ అన్నను జబ్బు ఒక్కటియే. ‘తహ్‌కీక్’ అన్నను ‘విచారణ’ అన్నను మందు ఒక్కటియే.

ఈ సందర్భమున విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు మేము చేయు మనవి చిన్నది. గోడపత్రికలో ఒక భాగమును “విన్నది – తేలినది” అను శీర్షికకు కేటాయింతము. ఎడమవైపు ఆ వారము మనవారి ఫోన్లలో తిరిగిన వార్తను, కుడివైపు విచారించగా తేలిన నిజమును రెండు భాషలలోను వ్రాయుదము. తేలనిచో “ఇంకను తేలలేదు” అని వ్రాయుటకు సిగ్గుపడకుందము. గ్రంథాలయములో పోటీపరీక్షల పుస్తకముల ప్రక్కన ఒకటి రెండు విమాన ప్రమాద దర్యాప్తు నివేదికలను ఉంచవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. అవి కథల వలె ఉత్కంఠను కలిగింపకపోవచ్చును. ఒక మనిషి తెలియని దాని ఎదుట ఎంత నిదానముగా, ఎంత గౌరవముగా నిలువవలెనో వాటికంటె బాగుగా నేర్పు పాఠ్యపుస్తకము మాకు కనబడలేదు.

మాయమైన ప్రతి విమానము వెనుక ప్రతి ఇంటిలో తలుపు వైపు చూచువారు కొందరుందురు. మనము సరదాగా ముందుకు పంపు ప్రతి కథ ఏదో ఒకనాడు వారి చెవిని చేరును. ఆ కథ వారికి లేని ఆశనైన కల్పించును, లేని శత్రువునైన చూపును. వారి తలుపు తట్టు అర్హత నిజమునకు మాత్రమే కలదు. అది వచ్చువరకు మన మౌనము వారికి మనము చేయగల సేవ.